రోహిణి కార్తెలో పెళ్లికొడుక్కి ఏ సెంటు?

నల్లగొండ రామగిరిలో ఏ మగవాడు ఏ సెంటు పూసుకుంటాడో అతని పెళ్లానికి తెలియకపోవచ్చు గానీ, ఇస్త్రీ అండాలుకు తెలుసు. అబద్ధమనిపిస్తే వెళ్లి అడగండి. కళ్లు మూసుకున్న ఆమె చేతికి చొక్కా ఇస్తే చాలు, ఇది బ్యాంకు సారుది, ఇది బీమా ఆయనది, ఇది మూలింట్లో కిరాయికున్న పోలీసు పిల్లగాడిది అని టకటకా చెప్పేస్తుంది. ఉతికిన చొక్కాలో ఇంకా సెంటేమిటి అంటారేమో, మీరు మరీ అమాయకులు. ఎంత ఉతికినా కాలరు మడతలో, చంకల దగ్గర కాస్త దాక్కునే ఉంటుంది. పైగా ఒకసారి తొడిగిన చొక్కాను ఉతక్కుండానే, ఇంట్లో తెలియకుండా ఇస్త్రీకి పంపే మగమహారాజులు ఆ వీధిలో సగం మంది ఉన్నారు.

ఇరవై రెండేళ్లుగా ఆ వీధి మొగలో, కరెంటు స్తంభం పక్కనే అండాలు బండి. నాలుగు చక్రాలు, పైన పాత దుప్పటి, దాని మీద అత్తగారు ఇచ్చిపోయిన ఇత్తడి ఇస్త్రీ పెట్టె. బొగ్గులు నింపితే ఆ పెట్టెను ఒంటిచేత్తో ఎత్తడానికి మగవాళ్లే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. అండాలు దాన్ని గిన్నె మీద మూత తీసినంత తేలిగ్గా ఎత్తుతుంది.

ఆ పెట్టె దగ్గరే ఉంది అసలు కిటుకు. సీసాలో ఉన్నంతసేపు ప్రతి సెంటూ మర్యాదస్తుడే. నీళ్లు చిలకరించి పెట్టె రుద్దగానే గుప్పున పైకి లేస్తుంది చూడండి, అప్పుడు బయటపడుతుంది దాని బుద్ధి. చలికాలంలో బీమా ఆయన ఊదు వాసన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే అండాలుకు పొయ్యి పక్కన కూర్చున్నంత హాయిగా ఉండేది. అదే చొక్కా అదే సెంటుతో ఏప్రిల్లో వస్తే తల పగిలిపోయేది. వానకాలంలో ఆరీ ఆరని బట్టకు తియ్యటి పూల సెంటు తగిలిందా, ఇక అది పులిసిన దోశపిండే. అలా చూసి చూసి ఆమె తనకు తానే ఒక లెక్క కట్టుకుంది. చలికి లవంగం, ఊదు లాంటి వెచ్చటివి పనికొస్తాయి. వానలకు గంధంలాంటి కట్టె వాసనలైతే తడిని తట్టుకుంటాయి. ఎండలకు మాత్రం ఒంటిని చల్లబరిచే వాసన కావాలి, లేకపోతే మనిషి పక్కన మనిషి నిలబడలేడు. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక. మొగుడు యాదగిరికి చెప్పబోతే ఆటో తుడుచుకుంటూ, "నాకు కాలాలు లేవే, ఎప్పుడైనా డీజిల్ వాసననే" అనేశాడు.

బండి పెట్టిన ఇరవై మూడో సంవత్సరం మే నెలాఖరున, రోహిణి కార్తె పెట్టిన మూడో రోజు, వీధిలోకి కొలతల టేపుతో మున్సిపాలిటీ మనుషులు నలుగురు వచ్చారు. కాలువ తవ్వి రోడ్డు వెడల్పు చేస్తారట. సోమవారం పొద్దుటికల్లా బండ్లు, డబ్బా కొట్లు అన్నీ తీసెయ్యాలని చెప్పి వెళ్లారు. రోడ్డు మంచిదే, కాదనేవాళ్లెవరు? వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలిచే వీధి అది. కానీ బండి ఎక్కడికి పోవాలి? అండాలు రెండు రోజులు ఊరంతా తిరిగింది. నీడ ఉన్న ప్రతి జాగాకూ ఎవరో ఒకరు ముందే కాపురం పెట్టి ఉన్నారు. పది రోజులు బండి కనబడకపోతే ఇరవై రెండేళ్ల గిరాకీ చెల్లాచెదురైపోతుందని ఆమెకు తెలుసు.

సరిగ్గా ఆ గురువారం పొద్దున శివకుమార్ వచ్చాడు, చేతిలో నాలుగు చొక్కాలు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. మొన్న దసరాకే ప్రకాశం బజారులో మగవాళ్ల సెంట్ల దుకాణం తెరిచిన కుర్రాడు అతను. అద్దాల తలుపులు, లోపల చల్లటి ఏసీ, వరసగా మెరిసే సీసాలు. తెరిచిన రోజున ఊరంతా నోరెళ్లబెట్టి చూసింది.

"ఏంది తమ్మీ, గట్లున్నవ్?" అంది అండాలు.

"ఏం చెప్పాలక్కా, అమ్మిన సీసాలు అమ్మినట్టే వాపసొస్తున్నయ్. నిన్న రఘుపతి సారు వచ్చి దుకాణంల పెద్ద లొల్లి చేసిండు. ఇక్కడ చూసినప్పుడు బాగున్నదట, దేవరకొండ బస్సెక్కినంక పక్కసీటాయన లేచి వేరే సీట్ల కూసున్నడట. నకిలీ మాల్ అమ్ముతున్ననంటడు. ఒట్టక్కా, అన్నీ అసలు సరుకే!"

అండాలు పెట్టె పక్కన పెట్టి నవ్వింది. "సరుకు నకిలీ గాదు తమ్మీ. నీ దుకాణంల ఏసీ ఉన్నది. రఘుపతి సారు బస్సుల ఏసీ ఉన్నదా? నువ్వు చలికాలం వాసన చల్లటి జాగాల చూపెట్టి, ఎండల తిరిగే మనిషికి అమ్మితివి. ఆ సారు చొక్కా నిన్న నేను ఇస్త్రీ చేసిన. నాకే కడుపుల తిప్పింది."

శివకుమార్ మొదట పట్టించుకోలేదు. ఇస్త్రీ చేసే ఆమెకు సెంట్ల సంగతి ఏం తెలుసు అని అతని మొహం మీద రాసే ఉంది. దాంతో అండాలుకు ఒళ్లు మండింది. అతని నాలుగు చొక్కాలూ ఒక్కొక్కటే ముక్కు దగ్గరికి తీసుకుని, ఇది ఆదివారం సాయంత్రం కొట్టుకున్నవు, ఇది దుకాణంల కొట్టుకున్నవు, గీ మూడోదాని మీద రెండు రకాలు కలిపినవు, నాలుగోది నీది గాదు, మీ బావది అని కడిగిపారేసింది.

అప్పుడు దారికొచ్చి శివకుమార్ అసలు సంగతి చెప్పాడు. ఆ వీధిలోనే ఉండే ప్రమీలమ్మ కొడుకు మహేష్ పెళ్లి ఆదివారం. పెళ్లికొడుక్కీ, అతని పదిమంది దోస్తులకూ ఒకే సెంటు కావాలి, అందరూ ఒకే వాసనతో బరాత్‌లో నడవాలి, ఇప్పుడు అదే ఫ్యాషను. పదకొండు సీసాలు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా ఘాటైన ఊదు సీసా ఇద్దామని శివకుమార్ ఆలోచన. "రోహిణి కార్తెలనా! నడి ఎండల, షేర్వాణీ లోపల ఊదా!" అని అండాలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆ కేక విని కోడిగుడ్ల డబ్బా ఆయన కూడా తొంగిచూశాడు.

"అయితే నువ్వే చెప్పక్కా ఏదియ్యాల్నో," అన్నాడు శివకుమార్. "పెళ్లి సక్కగ జరిగి, ప్రమీలమ్మ నోట ఒక్క వంక రాకుంటే, సోమవారం నుంచి నీ పెట్టె నా దుకాణం కాడ పెట్టుకో. కిరాయి గిరాయి ఏం వద్దు. వంక వచ్చిందనుకో, నువ్వెవరో నేనెవరో."

జాగా! అడక్కుండానే జాగా! అండాలుకు కాళ్లు నేల మీద ఆనలేదు.

శుక్రవారం పొద్దున ఆ బండి దగ్గర జరిగింది పరీక్ష కాదు, తిరునాళ్లు. శివకుమార్ ఎనిమిది సీసాలు తెచ్చాడు. అండాలు తెల్లటి పాత పంచెను ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో సెంటు కొట్టించి, నీళ్లు చిలకరించి పెట్టె దించింది. ఊదు ముక్క మీద పెట్టె తగలగానే కాలిన రబ్బరు వాసన వచ్చింది. చాక్లెట్ లాంటి తియ్యటిది జిడ్డుగా మారి గొంతు పట్టుకుంది. గులాబీది బాగానే మొదలై చివరికి సబ్బు వాసనకొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. చివరికి రెండే నిలబడ్డాయి, ఒకటి నిమ్మ, రెండోది వట్టివేరు.

"వట్టివేరు వద్దక్కా," అన్నాడు శివకుమార్. "తాతల వాసన అంటరు పోరగాళ్లు. ఒక అట్టపెట్టె నిండా దుకాణం తెరిచినప్పటి సంది అట్లనే పడున్నది."

"నిమ్మనే తియ్యి," అంది అండాలు. "వాసన చూడు, ఎండల నిమ్మకాయ సోడా తాగినట్టున్నది. కళ్లు మూసుకొని ఇయ్యి తమ్మీ. నాది గ్యారంటీ."

గ్యారంటీ అనే మాట ఆమె జీవితంలో అదే మొదటిసారి వాడటం. చొక్కా మీద మరక పోతుందా అని అడిగినా "చూస్త" అంటుందే తప్ప ఇంకో మాట అనదు. ఆ రోజు అలా అనేసింది, అంత ఉత్సాహంలో ఉంది మరి.

శనివారం పొద్దున ప్రమీలమ్మ ఇంట్లో నలుగు. ఇప్పటి పిల్లలు దాన్ని హల్దీ అంటున్నారు, పెళ్లికొడుకుతో బాటు దోస్తులందరూ పసుపులో మునిగి తేలుతున్నారు. పాటలు, డీజే, ఒకరినొకరు తరుముకోవడం, ఇంటి ముందు నేలంతా పసుపు. వాళ్ల వాడలో ఒక ఆనవాయితీ ఉంది. నలుగుకు పెళ్లికొడుకు కట్టిన పంచె ఆ ఇంటి బట్టలు చూసే మనిషికే చెందుతుంది. మధ్యాహ్నం ప్రమీలమ్మ ఆ పంచెను, దాని మీద రవికె గుడ్డను పెట్టి అండాలు చేతికిచ్చింది. "పిల్లగాని బట్టలన్నీ చిన్నప్పటి సంది నువ్వే చూసినవు అండాలు, పొద్దుగాలనే రా," అంది.

ఇంటికొచ్చి అండాలు పంచెను ఉతకబోయి ఆగింది. శివకుమార్ ఇచ్చిన నిమ్మ సీసాలో ఇంకా కాస్త మిగిలి ఉంది. రేపు పెళ్లికొడుకు ఒంటి మీద తను ఏరిన వాసన ఎలా ఉంటుందో ముందే చూసుకోవాలని చిన్నపిల్ల సరదా. పెట్టెలో బొగ్గులు రాజేసింది. పసుపు పంచె మీద సెంటు కొట్టింది, నీళ్లు చిలకరించింది, పెట్టె రుద్దింది.

అప్పుడే ఆటో ఆపి యాదగిరి లోపలికొచ్చాడు. గుమ్మంలోనే ఆగి గట్టిగా గాలి పీల్చాడు. మొహం వెలిగిపోయింది.

"ఏందే, పులిహోర చేసినవా? నోట్ల నీళ్లూరుతున్నయ్. జర పెట్టు, పొద్దటి సంది ఏం తినలే."

అండాలు చేతిలో పెట్టె అలాగే ఆగిపోయింది. మళ్లీ వాసన చూసింది. పులిహోరే! పసుపు, నువ్వుల నూనె, నిమ్మ, పైన వేడి. పోపు ఒక్కటే తక్కువ!

"అయ్యో, అయ్యో, అయ్యో!" అని నెత్తి కొట్టుకుంది. పరీక్ష చేసింది ఉతికిన తెల్లబట్ట మీద. రేపు ఆ సెంటు పూసుకునేది పసుపులో ఊరిన ఒంటి మీద! ఒక స్నానంతో పోతుందా పసుపు? అదీగాక రేపు పొద్దున మంగళస్నానానికి మళ్లీ పూస్తారు. ఆ తర్వాత తలంబ్రాలు! పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో నెత్తిన పోస్తారు! నల్లగొండ జిల్లాలో ఇంతవరకూ ఏ పెళ్లికొడుకూ తాళి కట్టేటప్పుడు పులిహోర వాసన కొట్టి ఉండడు. ఇరవై రెండేళ్లు పెళ్లిబట్టలు ఉతికిన మనిషికి ఈ సంగతి తట్టకపోవడమేమిటి! అండాలుకు తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

యాదగిరి విషయం విని మొదట పడీపడీ నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు మానేశాడు. గొంతు తగ్గించి, "ఇగ సూడు, ఊకో. ఎవనికి తెలుస్తది? బరాత్ల డీజే, బాంబులు, అందరు ఎగురుకుంట ఉంటరు. ఎల్లుండి దాక నోరు మూసుకుంటే జాగా మనది. ఇప్పుడు పోయి నాదే తప్పంటే ఆ పోరడు జాగా ఇస్తడా?" అన్నాడు.

మాట నిజమే. అండాలు మంచం పట్టె మీద కూర్చుంది. సోమవారం, బండి, స్తంభం పక్కన ఖాళీ జాగా, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నోరు మూసుకుంటే పోయేదేముంది? కానీ ఆ మహేష్‌గాడు లాగూలు వేసుకునే రోజుల నుంచి వాడి బట్టలు ఇస్త్రీ చేసింది తను. మొదటిసారి ఉద్యోగానికి పోయిన రోజు చొక్కా ఇస్త్రీ కూడా తన చేతిదే. రేపు పీటల మీద వాణ్ని చూసి అమ్మాయి తరఫు వాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే, తను ఒక మూల నిలబడి చూస్తుండాలా?

"ఆటో తియ్యి," అంది లేస్తూ.

"పెట్టె?"

"పెట్టె గూడ."

ఆ ఆటో ప్రయాణం చూసినవాళ్లు ఈరోజుకీ చెప్పుకుంటారు. వెనక సీట్లో అండాలు, కాళ్ల దగ్గర తడిపిన గోనెసంచి, దాని మీద నిప్పులతో నిండిన ఇత్తడి పెట్టె, ఒళ్లో పసుపు పంచె. గడియారం సెంటర్లో ట్రాఫిక్ ఆగితే యాదగిరి హారన్ వదలకుండా కొట్టాడు. పెట్టెలోంచి నిప్పురవ్వలు లేస్తుంటే పక్కన స్కూటరాయన జడుసుకుని బండి పక్కకు తిప్పుకున్నాడు. సాయంత్రం ఆరు గంటలకు దుకాణం ముందు దిగి, అద్దాల తలుపు భుజంతో తోసుకుని అండాలు లోపలికి పోయింది, వెనకే యాదగిరి. ఆ తలుపు అంతకుముందు ఆమె ఒక్కసారి కూడా తెరిచి ఎరగదు.

శివకుమార్ అప్పుడే పది డబ్బాలకూ బంగారు రంగు రిబ్బన్లు కట్టడం ముగించి, మురిసిపోతూ చూసుకుంటున్నాడు. పదకొండోది అప్పటికే వెళ్లిపోయింది. మల్లేశ్ అనే దోస్తు ఆగలేక మధ్యాహ్నమే వచ్చి తనది పట్టుకుపోయాడు.

"తమ్మీ, తప్పయింది. నిమ్మ పనికిరాదు. మార్చాలె."

"ఏమన్నవ్?" శివకుమార్ మొహం జేవురించింది. "నిన్న గ్యారంటీ అంటివి! పెట్టెనే చెప్పిందంటివి! రేపు పొద్దుగాల పెళ్లి! అంటే నీ పెట్టె గూడ అబద్ధం చెప్తదన్న మాట."

"పెట్టె అబద్ధం చెప్పలే. నేనే తప్పు బట్ట ఇచ్చిన దానికి."

అని, ఇంకేమీ మాట్లాడకుండా అతని కొత్త టేకు బల్ల మీద పంచె పరిచి, ఒక మూల నిమ్మ సెంటు కొట్టి పెట్టె దించింది. ఏసీ గదిలో బొగ్గు పొగ లేచింది. "నా బల్లా!" అని శివకుమార్ అరిచాడు, కానీ అరుపు సగంలోనే ఆగిపోయింది. ముక్కుపుటాలు కదిలాయి. అతను ఒకసారి వాసన చూశాడు, రెండోసారి చూశాడు, కుర్చీలో కూలబడ్డాడు.

"పులిహోర," అన్నాడు నీరసంగా.

"ఇప్పుడు ఆ తాతల అట్టపెట్టె దించు," అంది అండాలు.

పంచె రెండో మూల మీద వట్టివేరు కొట్టి రుద్దింది. ముగ్గురూ ముందుకు వంగారు. పసుపు వాసన పోలేదు, కానీ దాని పక్కనే తడి మట్టి, వేరు, నీడ, ఇవన్నీ నెమ్మదిగా వచ్చి కూర్చున్నాయి. పసుపేమో దుంప, వట్టివేరేమో వేరు. రెండూ ఒకే నేలలో పుట్టినవి, వాటికి పేచీ ఎందుకొస్తుంది? యాదగిరి కళ్లు మూసుకుని, "అబ్బ, కూలర్ ముందల కూసున్నట్టున్నది," అన్నాడు. అంత గొప్ప మాట ఆయన నోట రావడం అండాలు అదే వినడం.

అంతలో శివకుమార్ కెవ్వుమన్నాడు. వాళ్లు వాసన చూసే సంబరంలో పెట్టెను బల్ల మీదే వదిలేశారు. ఎత్తి చూస్తే నిగనిగలాడే టేకు మీద, పెట్టె అడుగు ఎంతుందో అంత, కోసుగా ముదురు గోధుమరంగు మచ్చ. కొత్త బల్ల! దసరాకు చేయించిన బల్ల! అతను తల పట్టుకున్నాడు. "చాలక్కా. నీకూ దండం, నీ పెట్టెకూ దండం. ఇగ జాగా సంగతి మర్చిపో."

అండాలు పసుపు పంచె మడిచి చంకన పెట్టుకుంది. "జాగా ఇయ్యకుంటే మానె తమ్మీ. సీసాలు మాత్రం మార్చు."

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందో లేదో గానీ, తెల్లారీ తెల్లారకముందే పెళ్లిబట్టల మూట మోసుకుని ప్రమీలమ్మ ఇంట్లో ఉంది. పిల్లలు సింగారించుకుంటున్నారు. శివకుమార్ పంపిన డబ్బాలు విప్పి, వట్టివేరు సీసాలు చూసి మూతులు ముడుచుకున్నారు. ముసలి వాసన అని ఒకడు, మమ్మల్ని తాతల్ని చేస్తారా అని ఇంకొకడు. మహేష్ మాత్రం అండాలు వైపు చూసి, "నువ్వు ఏరినవా అత్తా?" అని అడిగి, ఆమె తల ఊపగానే మెడకు, మణికట్లకు పూసేసుకున్నాడు. పెళ్లికొడుకు పూసుకున్నాక దోస్తులు పూసుకోక ఏం చేస్తారు? మల్లేశ్ ఒక్కడే ఒప్పుకోలేదు. వాడి దగ్గర నిమ్మ సీసా ఉందిగా! అండాలు వద్దంటున్నా వినకుండా ఒంటి నిండా కొట్టుకున్నాడు.

ముహూర్తం పదకొండు దాటాక. తొమ్మిదిన్నరకు బరాత్ కదిలింది. ఎండ అప్పటికే నెత్తిన నిప్పులు పోస్తోంది. డీజే మోత, తీన్మార్ దరువు, పది షేర్వాణీలు చెమటలో తడిసి ఎగురుతున్నాయి. మామూలుగా అయితే ఆ గుంపు దగ్గరికి పోవాలంటే ధైర్యం కావాలి. ఆ రోజు గుంపు పక్క నుంచి పోయినవాళ్లు ఆగి వెనక్కి చూశారు. ఎక్కడో వాన పడిందా అని ఒకాయన ఆకాశం వైపు చూడటం అండాలు కళ్లారా చూసింది.

పందిట్లో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. జనం విసనకర్రలు, శుభలేఖలు, ఏది దొరికితే అది ఊపుకుంటున్నారు. పెళ్లికూతురు శ్రీవాణి తరఫు అవ్వ ఒకామె, ఎనభై ఏళ్లుంటాయి, కర్ర పొడుచుకుంటూ వేదికెక్కి పెళ్లికొడుకు పక్కనే చతికిలబడింది. దిగమంటే దిగదు. "నేను పోను పో. గీ పిల్లగాని కాడ సల్లగున్నది. పీటల కాడికెల్లి లేపితే మీ మీద ఒట్టే," అంది. పందిరంతా గొల్లుమంది. శ్రీవాణి తల వంచుకుని నవ్వు ఆపుకోలేక ఎర్రబడిపోయింది. ఇంకాస్త సేపటికి తలంబ్రాలు. పసుపు బియ్యం దోసిళ్లకొద్దీ ఇద్దరి తలల మీద పడుతుంటే అండాలు ఊపిరి బిగబట్టింది. ఏమీ కాలేదు. చల్లటి వాసన ఇంకాస్త విచ్చుకుంది, అంతే.

అటు మల్లేశ్ పరిస్థితి వేరు. వాడు ఏ వరసలో నిలబడితే ఆ వరసలో జనం భోజనాల గుడారం వైపు మెడలు సాచి చూస్తున్నారు. "వడ్డన షురూ అయిందా?" అని ఒకరు, "పులిహోర వాసనొస్తాంది, బంతి వేసినట్టున్నరు" అని మరొకరు. నలుగురు పెద్దమనుషులు చెప్పులు వదిలేసి లేచిపోయారు కూడా. చివరికి ఓ చంటిపిల్ల వాడి చెయ్యి పట్టుకుని నాకబోయింది. మల్లేశ్ ఒళ్లు కడుక్కోవడానికి బోరింగు పంపు వెతుక్కుంటూ పరిగెత్తాడు.

బంతి భోజనాల దగ్గర రఘుపతి సారు శివకుమార్‌ను పట్టుకున్నారు. శివకుమార్ పారిపోబోయాడు గానీ వీలుకాలేదు. "ఏమయ్యా, నాకు ఆ రోజు ఇది ఎందుకివ్వలేదు? ఈ ఎండకు ఇది కదా వాసన అంటే! ఎవరు ఎంపిక చేశారు?" అని నిలదీశారు. వెనకనే ప్రమీలమ్మ కూడా వచ్చి నిలబడింది, ముఖమంతా సంతోషం. అండాలు నాలుగు ఆకుల అవతల కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా చెవులు రిక్కించింది. తన ఎంపికే అని చెప్పుకుంటాడేమో, చెప్పుకుంటే ఎవరు కాదంటారు?

శివకుమార్ ఒక్క క్షణం నసిగాడు. తర్వాత చెయ్యెత్తి చూపించాడు. "అండాలక్క ఏరింది సార్. ముందుగాల నిమ్మ అన్నది. తర్వాత తప్పయిందని నిప్పుల పెట్టె పట్టుకొని ఉరికొచ్చింది."

అందరూ అటు తిరిగారు. అండాలు సిగ్గుపడి గబుక్కున ముద్ద నోట్లో కుక్కుకుంది. అది పులిహోర ముద్దే.

సోమవారం తెల్లవారుజామునే రోడ్డు తవ్వే మిషను వచ్చింది. డబ్బాలు, బండ్లు ఒక్కొక్కటే కదిలాయి. శివకుమార్ ఆ పెళ్లిలో ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు, జాగా ఊసే ఎత్తలేదు. అండాలు బండిని యాదగిరితో ఇంటికి తోయించి, పెట్టె చంకనెత్తుకుని కరెంటు స్తంభం పక్కన నిలబడింది. ఇరవై రెండేళ్లు బండి చక్రాలు నిలిచిన చోట నేలలో నాలుగు గుంటలు మిగిలాయి. వాటిని చూస్తుంటే ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, ఎవరూ చూడకుండా కొంగుతో.

వెనక నుంచి స్కూటరు ఆగింది.

"ఈడ నిలబడ్డవేందక్కా? ఎనిమిది కావస్తాంది. రఘుపతి సారు ఇప్పటికే రెండు చొక్కాలు పట్టుకొని దుకాణం మెట్ల మీద కూసున్నడు. నువ్వు వచ్చిందాక కదలడట."

"జాగా మర్చిపో అంటివి గద తమ్మీ!"

"అన్న. కోపంల అన్న." శివకుమార్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. "నా దుకాణంల సీసా వాపసు తెచ్చినోళ్లను మస్తు మందిని చూసిన. తప్పు నాది అని ఉరికొచ్చినోళ్లను మొన్ననే చూసిన. ఎక్కు."

దుకాణం ముందు దిగి అండాలు బయట మెట్టు పక్కన జాగా కోసం చూసింది. శివకుమార్ లోపలికి నడవమన్నాడు. "బొగ్గు పొగ తమ్మీ, నీ సెంట్లు..." అని ఆమె వెనకాడితే, బొగ్గులు బయట మెట్ల మీదే రాజేసి పొగ పోయినంకే తెమ్మన్నాడు. గోడకు కొత్తగా గాలి లాగే ఫ్యాను బిగించి ఉంది.

టేకు బల్ల మీద మచ్చ అలాగే ఉంది. గీకించలేదు, రంగు వేయించలేదు. దాని చుట్టూ సీసాలన్నీ పక్కకు జరిపి, మచ్చకు అవతల ఇస్త్రీకి ఒక దుప్పటి మడిచి పెట్టాడు.

"నీ జాగా నువ్వే గుర్తు పెట్టుకొని పోయినవు గద," అన్నాడు.

అండాలు పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఆ మచ్చ మీద దించింది. అంచు కూడా బయటికి రాలేదు.